పందెం మీది, పణం ఎవరిది?

కృత్రిమ మేధ (ఏఐ) కంపెనీల అధిపతులకు, ఆ కంపెనీల వెనక డబ్బు పెట్టిన పెద్దలకు,



2024 అక్టోబరులో వాషింగ్టన్‌లో జరిగిన ఒక సభలో, మీ రంగానికి పెద్దదిక్కులాంటి గూగుల్ మాజీ సీఈఓ ఎరిక్ ష్మిట్ ఒక మాట అన్నారు. వాతావరణ లక్ష్యాలను ఎలాగూ అందుకోలేం, అందుకు కావలసిన ఏర్పాటు మన దగ్గర లేదు, కాబట్టి ఏఐకి పగ్గాలు వేసి సమస్యను అలాగే మిగుల్చుకోవడం కంటే ఆ ఏఐయే సమస్యను తీరుస్తుందని పందెం కాయడం మేలు అన్నది ఆయన మాటల సారాంశం. ఈ ధోరణి ఆయన ఒక్కరిదే కాదు. అంతకు కొద్ది వారాల ముందే ఓపెన్ఏఐ అధిపతి శామ్ ఆల్ట్‌మన్ ఒక వ్యాసం రాశారు. ముందు ముందు ఏఐ సాధించబోయే ఘనతల వరసలో వాతావరణాన్ని బాగుచేయడాన్ని కూడా ఆయన చేర్చేశారు.

ఈ లేఖ ఆ 'ఎలాగూ' అన్న మాట గురించి.

నిండా మునిగినవాడికి చలేమిటని తెలుగులో సామెత. ఇంత పోయాక ఇంకొంచెం పోతే మాత్రమేమిటన్న తెగింపు అది. ఆ తెగింపు మునిగినవాడు చూపిస్తే అర్థం చేసుకోవచ్చు. మీ విషయంలో మునుగుతున్నవాళ్లు వేరు, చలి లేదంటున్నవాళ్లు వేరు. పందెం గెలిస్తే షేరు ధర పెరిగేది మీకు. ఓడితే ఎండదెబ్బ తగిలేది మధ్యాహ్నం పూట రోడ్డు మీద తారు పోసే కూలీకి. ఇంత తేడా ఉన్న ఆటను పందెం అని ఎలా అంటున్నారు?

మహాభారతంలో జూదం అయిపోయాక నిండు సభలో ద్రౌపది ఒక్క ప్రశ్న అడిగింది. ధర్మరాజు ముందు తనను ఓడిపోయాడా, నన్ను ఓడిపోయాడా అని. తనే తనవాడు కానివాడికి ఇంకొకరిని పణంగా ఒడ్డే హక్కు ఎక్కడిదని ఆ ప్రశ్నకు అర్థం. భీష్ముడంతటివాడు కూడా దానికి సూటిగా జవాబు చెప్పలేకపోయాడు. మీరు పందెం కాసేముందు ఎవరిని అడిగారు? ఉప్పాడ తీరంలో ఏటికేడు ముందుకొస్తున్న సముద్రానికి ఇళ్లు వదులుకున్న మత్స్యకారులను అడిగారా? 2015 మే నెల వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. అందులో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే. ఆ ఇళ్లలో మిగిలినవాళ్లను అడిగారా? వాతావరణ మార్పు దెబ్బకు బాగా లోనయ్యే పరిస్థితుల్లో 330 నుంచి 360 కోట్ల మంది బతుకుతున్నారని ఐక్యరాజ్య సమితి శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ చెప్పింది. మీరు ఒడ్డుతున్నది వీళ్లనే.

తీరం సంగతి వచ్చింది కాబట్టి విశాఖపట్నం గురించి మాట్లాడుకుందాం. 2025 అక్టోబరు 14న ఢిల్లీలో గూగుల్ ఒక ప్రకటన చేసింది. విశాఖలో గిగావాట్ స్థాయి ఏఐ కేంద్రం కడతామని, ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని, అమెరికా బయట తమకు ఇదే అతి పెద్దదవుతుందని చెప్పింది. సరిగ్గా రెండు వారాలకు, అక్టోబరు 28 రాత్రి, మొంథా తుపాను కాకినాడకు దక్షిణాన, నర్సాపురం దగ్గర తీరం దాటింది. ఒక సంగతి వల్ల ఇంకొకటి జరగలేదు, నిజమే. కానీ రెండూ వచ్చి చేరింది ఈ తీరానికే. ఆ ప్రకటన విని ఇక్కడ చాలామంది సంతోషించారు. పిల్లలు ఉద్యోగాల కోసం బెంగళూరు, హైదరాబాద్ రైళ్లెక్కే ఊరికి అంత పెద్ద సంస్థ రావడం చిన్న విషయం కాదు. ఆ సంతోషాన్ని ఈ లేఖ తక్కువ చేయదు. అది నిలబడాలంటే కొన్ని ప్రశ్నలకు ముందే జవాబులు ఉండాలి.

మీరు తరచుగా చెప్పే మాటతోనే మొదలుపెడదాం. తుపానులను, వరదలను, రుతుపవనాలను ఏఐ ముందే చెబుతుంది, కోట్లమందిని కాపాడుతుంది అంటారు. అది నిజం. అందుకే దాన్ని దగ్గర నుంచి చూడాలి.

విశాఖ వాతావరణ కేంద్రం నుంచి గాల్లోకి బెలూన్ ఎగరేస్తారు. దాని కింద పొడవాటి దారానికి అరచేతిలో పట్టే డబ్బా ఒకటి వేలాడుతుంటుంది. పైకి పోతున్నకొద్దీ గాలి వేడి ఎంత, తేమ ఎంత, ఒత్తిడి ఎంత అని ఆ డబ్బా కొలుస్తూ రేడియోలో కిందికి చెబుతూ ఉంటుంది. అది కొట్టుకుపోయే దారిని బట్టి గాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది. పైన గాలి పలచబడేకొద్దీ బెలూన్ ఉబ్బి ఉబ్బి, ముప్ఫై కిలోమీటర్ల ఎత్తు ప్రాంతంలో పగిలిపోతుంది. ప్రపంచమంతటా వందల కేంద్రాల్లో ఒకే వేళకు ఇదే పని జరుగుతుంది. ఓడల నుంచి, విమానాల నుంచి, ఉపగ్రహాల నుంచి వచ్చే కొలతలు దీనికి తోడు. వీటన్నిటినీ యూరప్ దేశాల ఉమ్మడి వాతావరణ కేంద్రం దశాబ్దాల తరబడి ఒకచోట పేర్చి, సరిచూసి, ఎవరైనా వాడుకోండని ఉచితంగా పెట్టింది. 2023 నవంబరులో గూగుల్ డీప్‌మైండ్ లోకానికి చూపించిన గ్రాఫ్‌కాస్ట్ నేర్చుకున్నది ఆ బడిలోనే. 1979 నుంచి పోగైన కొలతలు దానికి పాఠ్యపుస్తకం.

అంటే మీ ఏఐకి వాతావరణం నేర్పినవాళ్లు ప్రభుత్వ జీతం మీద బతికే పరిశీలకులు. పన్నులు కట్టిన జనం. మరి 2025లో అమెరికా వాతావరణ శాఖలో సిబ్బందిని కోసేస్తే కొన్నిచోట్ల బెలూన్లు ఎగరేయడం ఆగిపోయింది కదా, అప్పుడు మీలో ఎంతమంది నోరు విప్పారు? ఏఐ ప్రపంచాన్ని కాపాడుతుందని సభల్లో చెప్పేటప్పుడు వచ్చే గొంతు, దానికి ప్రాణంపోసే కొలతలు ఆగిపోతున్నప్పుడు ఎందుకు రాలేదు?

ఇంకో సంగతి ఉంది. గ్రాఫ్‌కాస్ట్ పది రోజుల సూచనను ఒకే ఒక్క యంత్రం మీద నిమిషం లోపు లెక్కగట్టి ఇస్తుంది. 2025 ఖరీఫ్‌కు ముందు కేంద్ర వ్యవసాయ శాఖ 13 రాష్ట్రాల్లో సుమారు 3.8 కోట్ల మంది రైతులకు రుతుపవనాలు ఎప్పుడొస్తాయో ఎస్సెమ్మెస్ పంపింది. అందులో వాడిన రెండు ఏఐ నమూనాల్లో ఒకటి యూరప్ కేంద్రానిది, రెండోది గూగుల్ పరిశోధకులు చేసిన న్యూరల్‌జీసీఎం. ఆ ఏడాది వానలు ముందుగా వచ్చి, మధ్యలో కొన్నాళ్లు ఆగిపోయాయి. ఆ విరామాన్ని కూడా ఈ నమూనాలు పసిగట్టాయి. తొలకరి పడగానే పదును చూసి విత్తనం వేసి, ఆ తర్వాత పదిహేను రోజులు చినుకు లేక మొలక మాడిపోతే ఏమవుతుందో రైతుకు తెలుసు. రెండోసారి విత్తనాలు కొనాలి, రెండోసారి అప్పు చేయాలి. వారం ఆగమని చెప్పే ఒక్క సందేశం ఆ ఇంట్లో అప్పు లేకుండా చూస్తుంది. ఏఐ చేసిన మేలంటే ఇది. చేతులెత్తి దండం పెట్టాల్సిన మేలు.

ఆ న్యూరల్‌జీసీఎం లాప్‌టాప్ మీద నడపగలిగేంత చిన్నదని దాన్ని తయారుచేసినవాళ్లే చెప్పారు.

లాప్‌టాప్! ఇక గిగావాట్లు ఎందుకు? రైతుకు వాన కబురు చెప్పే ఏఐ తినేది పిడికెడు కరెంటు. గుట్టలకొద్దీ కరెంటు తాగేది వేరే ఏఐ. అడిగినదానికల్లా వ్యాసాలు రాసేది, బొమ్మలు గీసేది, వీడియోలు పుట్టించేది, రోజుకొక కొత్త మోడల్‌గా బయటికొచ్చి పక్క కంపెనీ మోడల్‌తో పోటీపడేది. అది పనికిరానిదని ఈ లేఖ అనడం లేదు. దానివల్ల చదువుకునే పిల్లలున్నారు, పని తేలికైన గుమాస్తాలున్నారు. కానీ రెంటినీ ఒకే పేరుతో పిలిచి, మొదటిదాని పుణ్యం చూపించి రెండోదానికి కరెంటు, నీళ్లు, భూమి అడగడం న్యాయమేనా? మీ విద్యుత్తులో ఎంత వంతు వాతావరణ పరిశోధనకు పోతోందో, ఎంత వంతు వీడియోలకు పోతోందో మీలో ఏ ఒక్క సంస్థయినా విడివిడిగా లెక్క చెబుతుందా?

మొత్తం లెక్క అయితే అంతర్జాతీయ ఇంధన సంస్థ చెప్పింది. 2024లో ప్రపంచంలోని డేటా సెంటర్లన్నీ కలిపి వాడిన కరెంటు సుమారు 41,500 కోట్ల యూనిట్లు. మొత్తం వాడకంలో అది నూటికి ఒకటిన్నర వంతు. 2030 నాటికి అది రెట్టింపు దాటి 94,500 కోట్ల యూనిట్లకు చేరుతుందని 2025 ఏప్రిల్‌లో అంచనా వేసింది. ఇప్పుడు జపాన్ దేశం మొత్తం వాడేదానికంటే అది కాస్త ఎక్కువే. ఈ ఒకటిన్నర వంతు చిన్నదేనని మీ ప్రతినిధులు అంటుంటారు. ప్రపంచం మొత్తానికి పరిచి చూస్తే చిన్నదే. కానీ డేటా సెంటర్ ప్రపంచం మీద పరుచుకుని ఉండదు, ఒక ఊళ్లో కూర్చుంటుంది. ఐర్లండ్‌లో 2023లో మీటర్ల మీద నమోదైన కరెంటులో 21 శాతం డేటా సెంటర్లకే పోయింది. ఆ దేశంలోని పట్టణాల ఇళ్లన్నీ కలిపి వాడింది 18 శాతం.

గిగావాట్ అన్న మాట విశాఖవాసికి అర్థమయ్యేలా చెప్పాలంటే పరవాడ వైపు చూపించాలి. అక్కడి సింహాద్రి థర్మల్ కేంద్రం సామర్థ్యం 2,000 మెగావాట్లు. బొగ్గు, బూడిద చెరువులు, గొట్టాల పొగ, అన్నీ కలిపి అంత. అందులో సగం మీ ఒక్క కేంద్రానికి కావాలి. అది పూర్తి లోడు మీద రోజంతా నడిస్తే 2.4 కోట్ల యూనిట్లు ఖర్చవుతాయి. మండు వేసవిలో ఆంధ్రప్రదేశ్ మొత్తం ఒక రోజుకు వాడేది 25 కోట్ల యూనిట్ల దరిదాపు. రాష్ట్రమంతా వాడే కరెంటులో దాదాపు పదో వంతు కొత్తగా ఒక్కచోటికి రావాలి.

అదంతా స్వచ్ఛమైన కరెంటే అంటారు మీరు. ఈ మాటను కూడా కాస్త విప్పి చూడాలి. మీలో చాలా సంస్థలు వేసే లెక్క ఏడాది లెక్క. ఏడాదిలో వాడినన్ని యూనిట్లకు సరిపడా సౌర విద్యుత్తునో పవన విద్యుత్తునో ఎక్కడో కొంటే చాలు, నూరు శాతం స్వచ్ఛం అని రాసుకోవచ్చు. కానీ అనంతపురంలో మిట్టమధ్యాహ్నం పుట్టిన సౌర విద్యుత్తు రాత్రి పదకొండు గంటలకు విశాఖలో యంత్రాన్ని నడపదు. ఆ వేళకు గ్రిడ్‌లో పారేది ఎక్కువగా బొగ్గు కరెంటే. గంట గంటకూ సరిపోల్చే లెక్క ఒకటుంది. 2030 కల్లా అక్కడికి చేరాలని గూగుల్ స్వయంగా లక్ష్యం పెట్టుకుంది కూడా. విశాఖ కేంద్రానికి ఆ గంటల లెక్కను నెలనెలా బయటపెడతామని రాసిస్తారా?

మాట ఇవ్వడం మీకు కొత్త కాదు. 2030 కల్లా తాము వదిలేదానికంటే ఎక్కువ కార్బన్‌ను గాల్లోంచి తీసేస్తామని మైక్రోసాఫ్ట్ 2020లో చెప్పింది. 2023 నాటికి దాని ఉద్గారాలు 2020తో పోలిస్తే 29 శాతం పెరిగాయి. అదే 2030కి నెట్ జీరో అని చెప్పిన గూగుల్ ఉద్గారాలు 2019 నుంచి 2023 లోపు 48 శాతం పెరిగాయి. 2024లో తమ డేటా సెంటర్ల విద్యుత్తు వల్ల వచ్చే ఉద్గారాలు 12 శాతం తగ్గాయని గూగుల్ చెప్పింది. ఆ ఏడాది కరెంటు వాడకం 27 శాతం పెరిగినా ఇది సాధ్యమైందంటే, తలచుకుంటే చేయగలరన్నమాట. అయినా మొత్తం ఉద్గారాలు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. తమ లక్ష్యాన్ని చంద్రుడితో పోలుస్తూ, 2020లో చూసిన చంద్రుడు ఇప్పుడు ఐదింతలు దూరం జరిగాడని మైక్రోసాఫ్ట్ అధ్యక్షుడు బ్రాడ్ స్మిత్ 2024లో అన్నారు. చంద్రుడు తనంతట తాను జరిగాడా, మీరే తోశారా?

అమెరికాలో మెంఫిస్ నగరంలో బాక్స్‌టౌన్ అని ఒక పేట ఉంది. బానిసత్వం నుంచి విముక్తులైన నల్లజాతివాళ్లు పాత రైలుపెట్టెల చెక్కతో ఇళ్లు కట్టుకోవడంతో దానికి ఆ పేరొచ్చింది. అక్కడికి దగ్గర్లో 2024లో ఎక్స్ఏఐ సంస్థ తన మహా కంప్యూటర్‌ను నిలబెట్టింది. గ్రిడ్ కరెంటు చాలక గ్యాస్ టర్బైన్లు తెచ్చి నడిపారు. అనుమతులు లేకుండానే నడిపారని ఊరివాళ్లు, పౌరహక్కుల సంస్థ ఎన్ఏఏసీపీ గట్టిగా ఆరోపించారు. 2025 జూలైలో పదిహేను టర్బైన్లకు స్థానిక ఆరోగ్య శాఖ అనుమతి ఇచ్చింది. భూమిని కాపాడే తెలివితేటలు తయారయ్యేదాకా ఊపిరి బిగబట్టుకుని ఉండమని ఆ పేటలోని పిల్లలకు ఎవరు చెప్పగలరు?

ఇక నీళ్లు.

2025 ఆగస్టులో గూగుల్ ఒక పరిశోధన పత్రం విడుదల చేసింది. జెమినీని ఒక మామూలు ప్రశ్న అడిగితే ఖర్చయ్యే నీళ్లు 0.26 మిల్లీలీటర్లు, అంటే ఐదు చుక్కలని చెప్పింది. ఇలా లెక్క చెప్పడమే పెద్ద ముందడుగు, మెచ్చుకోవాలి. కానీ అది డేటా సెంటర్ లోపల ఖర్చయ్యే నీళ్ల లెక్క. ఆ యంత్రానికి కరెంటిచ్చే థర్మల్ కేంద్రం ఆవిరి చేసే నీళ్లు అందులో లేవు. రోజుకు ఎన్ని ప్రశ్నలన్న అంకె లేదు. మోడల్‌ను తయారు చేసేటప్పుడు అయిన ఖర్చు లేదు. ఇంకో చిన్న సందేహం తెలుగువాళ్లకు వచ్చేది. తెలుగు వాక్యాన్ని ఈ యంత్రాలు ఇంగ్లీషు వాక్యం కంటే ఎక్కువ ముక్కలుగా విడగొట్టుకుని చదువుతాయి. ముక్కలు పెరిగితే పని పెరుగుతుంది. ఆ ఐదు చుక్కలు ఏ భాషలో అడిగిన ప్రశ్నకు? చుక్కల లెక్క పక్కన పెట్టి సంస్థ మొత్తం లెక్క చూస్తే, 2024లో గూగుల్ డేటా సెంటర్లు, ఆఫీసులు కలిపి ఖర్చు చేసిన నీళ్లు సుమారు 3,000 కోట్ల లీటర్లు.

ఆ నీళ్లు ఏమవుతాయంటే, కుండలో నీళ్లు చల్లబడే పద్ధతే అక్కడా. మట్టికుండ చెమర్చి, ఆ చెమ్మ ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. డేటా సెంటర్ కూలింగ్ టవర్ కూడా అలాగే నీటిని ఆవిరి చేసి యంత్రాల వేడిని బయటికి పంపుతుంది. ఆవిరైన నీరు మళ్లీ ఆ ఊరి చెరువుకు రాదు. విశాఖలాంటి ఉక్కపోత ఊళ్లో ఇంకో చిక్కుంది. గాల్లో అప్పటికే తేమ నిండి ఉంటే కుండలో నీళ్లు సరిగ్గా చల్లబడవని వేసవిలో ప్రతి ఇంట్లోనూ తెలుసు. నీళ్లు మిగల్చాలంటే ఏసీ యంత్రాల్లాంటివి పెట్టి ఎక్కువ కరెంటు కాల్చాలి, కరెంటు మిగల్చాలంటే నీళ్లు ఆవిరి చేయాలి. మీరు ఏది ఎంచుకున్నారన్నది ఆ ఊరి బతుకుకు సంబంధించిన విషయం. అది వ్యాపార రహస్యం ఎలా అవుతుంది?

రహస్యమన్న మాట ఊరికే అనలేదు. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ద డాల్స్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడ గూగుల్ డేటా సెంటర్లు ఎంత నీరు వాడుతున్నాయో చెప్పమని 2021లో ఆ రాష్ట్ర పత్రిక ఒరెగోనియన్ అడిగింది. అది వ్యాపార రహస్యమంటూ పట్టణ పాలకులే పత్రిక మీద కోర్టుకెక్కారు. ఏడాదికి పైగా పోరాడాక లెక్క బయటికొచ్చింది. 2021లో ఆ పట్టణం వాడిన నీటిలో పావు వంతుకు మించి, సుమారు 134 కోట్ల లీటర్లు, డేటా సెంటర్లకే పోయింది. ఊరి నీళ్లెవరు తాగుతున్నారని అడిగినందుకు ఆ ఊరి మునిసిపాలిటీయే కోర్టుకు లాగడం ఏ ప్రజాస్వామ్యంలో జరగాల్సిన పని?

2023లో ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో కరవొచ్చి తాగునీటి జలాశయం అడుగంటింది. నది సముద్రంలో కలిసే చోటు నుంచి నీళ్లు తెచ్చి కలపడంతో కుళాయిలో ఉప్పునీళ్లు వచ్చాయి. ఆ ఏడాదే అక్కడ రాబోయే డేటా సెంటర్‌కు రోజుకు 76 లక్షల లీటర్లు కావాలని తెలిసింది. అది కూడా ఒక పరిశోధకుడు న్యాయపోరాటం చేస్తేగానీ బయటికి రాలేదు. జనం వీధుల్లోకి వచ్చారు. తర్వాత ఆ ప్రణాళికను నీళ్లకు బదులు గాలితో చల్లబరిచే పద్ధతికి మార్చారు. చిలీ రాజధాని శాంటియాగోలోనూ స్థానికులు పోరాడాక, 2024లో పర్యావరణ కోర్టు జోక్యం తర్వాత, అలాంటి మార్పే జరిగింది.

మాంటెవిడియో, శాంటియాగో కథల్లో పట్టుకోవాల్సింది ఒకటుంది. జనం గట్టిగా అడిగాక నక్షా మారింది. అంటే వేరే దారి మొదటి నుంచీ ఉంది. అడిగేవాళ్లు లేనంతకాలం దాన్ని ఎంచుకోలేదు. విశాఖకు నీళ్లొచ్చేది రైవాడ, మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ, తాటిపూడి, గంభీరం జలాశయాల నుంచి, ఏలేరు కాలువ నుంచి. వేసవిలో వీటి మట్టం ఎంత ఉందో రోజూ పేపర్లో చూసుకునే ఊరది. ఇళ్లకు, ఉక్కు కర్మాగారానికి, పొలాలకు మధ్య ఆ నీళ్ల పంపకం ఎప్పుడూ తేలిగ్గా సాగలేదు. ఇక్కడివాళ్లు కూడా కోర్టు మెట్లెక్కితేగానీ అంకె చెప్పరా?

ఏఐ వాతావరణాన్ని కాపాడుతుందని చెప్పే నోటితోనే చమురు బావులకు ఏఐ అమ్మిన సంగతి కూడా చెప్పుకోవాలి. 2019లో మైక్రోసాఫ్ట్, ఎక్సాన్‌మొబిల్ ఒక ఒప్పందం చేసుకున్నాయి. అమెరికా పర్మియన్ ప్రాంతపు బావుల్లో 2025 నాటికి రోజుకు 50,000 పీపాల దాకా ఉత్పత్తి పెరగడానికి ఇది తోడ్పడుతుందని అప్పట్లో ప్రకటించారు. చమురు, గ్యాస్ తవ్వకానికి ప్రత్యేకంగా ఏఐ తయారుచేసి ఇవ్వబోమని గూగుల్ 2020లో చెప్పింది. మిగిలినవాళ్లంతా ఆ మాట ఎందుకు చెప్పలేకపోతున్నారు? మంటల్ని ఆర్పే యంత్రం మా దగ్గరుందంటూనే అగ్గిపెట్టెలు అమ్మడం మానరా?

ఇప్పుడు ప్రాణాలు ఎలా దక్కుతాయన్న సంగతికి వద్దాం. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పది వేల మంది దాకా పోయారు. 1999లో ఒడిశా మహా తుపానుకూ అంతమంది పోయారు. 2013 అక్టోబరులో అదే ఒడిశా తీరానికి ఫైలిన్ తుపాను వచ్చినప్పుడు చనిపోయినవాళ్లు పదుల్లోనే ఉన్నారు. ఈ పధ్నాలుగేళ్లలో ముందస్తు సూచనలు మెరుగయ్యాయి, నిజమే. దాంతోపాటు తుపాను షెల్టర్లు కట్టారు. ఊరూరా మైకు పట్టుకుని తిరిగే మనిషి ఉన్నాడు. ముసలమ్మను చెయ్యి పట్టుకుని బస్సెక్కించినవాళ్లు ఉన్నారు. మేకను వదిలి రానన్న మనిషికి మేకనూ తెచ్చుకోమని చెప్పిన పంచాయతీ ఉద్యోగి ఉన్నాడు. సూచన ఎంత కచ్చితంగా ఉన్నా, దాన్ని నమ్మి కదలడానికి షెల్టరూ బస్సూ లేకపోతే అది ఫోన్‌లో ఒక మెసేజ్‌గా మిగిలిపోతుంది.

ఆ మెసేజ్ కూడా అందని రోజులు ఉంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నేరుగా విశాఖ మీదికి వచ్చింది. నగరమంతా రోజుల తరబడి చీకటి. సెల్ టవర్లు పడిపోయాయి. పక్క పేటలో ఉన్న అక్క బతికుందో లేదో తెలియాలంటే పడిపోయిన చెట్ల మీదుగా నడిచి వెళ్లాల్సి వచ్చింది. కైలాసగిరి మీద పచ్చని ఆకు మిగల్లేదు. పాల ప్యాకెట్టు కోసం, పెట్రోలు కోసం బారులు తీరారు. అలాంటి రోజున ఏ ఏఐ ఎవరితో మాట్లాడుతుంది? అంతటి తుపాను ఇంకోటి వస్తే నగరంలో కరెంటు ముందు ఎక్కడ పునరుద్ధరిస్తారు? కేజీహెచ్ ఆసుపత్రికా, నీటి పంపులకా, మీ సర్వర్లకా? మీకు డీజిల్ జనరేటర్లుంటాయి. వాటి చుట్టుపక్కల పేటలకు ఏముంటుంది?

2027 కల్లా భూమ్మీద ప్రతి మనిషికీ ముందస్తు హెచ్చరిక అందాలని ఐక్యరాజ్య సమితి 2022లో ఒక లక్ష్యం పెట్టింది. దానికి కావలసింది పేద దేశాల్లో రాడార్లు, బెలూన్లు, వాటిని చూసుకునే సిబ్బంది, చివరి ఊరిదాకా చేరే ఏర్పాటు. మీలో ఒక్కో సంస్థ ఒక్క ఏడాదిలో డేటా సెంటర్ల మీద పెడుతున్న డబ్బులో చిన్న ముక్క చాలు ఇలాంటి పనికి. పందెం కాసేంత ధైర్యమున్నవాళ్లు ఓడితే ఆదుకునే ఏర్పాటుకు ఎందుకు ముందుకు రారు?

మీరు రేపో మాపో జవాబివ్వగలిగినవే ఈ లేఖ అడుగుతోంది. కట్టబోయే ప్రతి కేంద్రానికీ విడిగా రోజుకు ఎన్ని లీటర్ల నీళ్లు, ఏ జలాశయం నుంచి, మంచినీళ్లా శుద్ధిచేసిన మురుగునీళ్లా అన్నది కొబ్బరికాయ కొట్టకముందే చెప్పండి. కరెంటు ఏ గంటలో ఎక్కడినుంచి వస్తోందో చెప్పండి. మీ భవిష్యత్ మోడల్ వాతావరణాన్ని బాగుచేస్తుందన్న ఆశను 2030 మాటకు బదులుగా చెల్లగొట్టకండి. ఆ అంకెలు కాలిఫోర్నియాలో అచ్చయ్యే వందల పేజీల ఇంగ్లీషు నివేదికలో ఎక్కడో కాకుండా, విశాఖ కేంద్రానికి ఎంచుకున్న తర్లువాడలో పంచాయతీ ఆఫీసు గోడ మీద తెలుగులో ఉండాలి. అనువాదం మీకు కష్టం కాదు. ఆ పని మీ యంత్రాలు క్షణంలో చేస్తాయి.

ఇదంతా మీకు చేతకాని పని కాదు. కోట్లమంది రైతులకు వాన కబురు చెప్పిన నమూనాను లోకానికి ఇచ్చింది మీలోని వాళ్లే. పట్నాలో గంగ వరదల మీద 2018లో చిన్న ప్రయోగంగా మొదలైన వరద సూచనల పనిని 2023 నాటికి 80 దేశాలకు చేర్చింది మీలోని వాళ్లే. ఆ పరిశోధకుల ముందు నిలబడి, లక్ష్యాలు ఎలాగూ అందుకోలేమన్న మాట మళ్లీ అనగలరా?

ఆఖరుగా ఒక్క ప్రశ్న. 2030 మే నెలలో ఒకరోజు అనుకుందాం. వారం రోజులుగా వడగాడ్పు. మేఘాద్రిగెడ్డ అడుగంటింది, రైవాడలో నీళ్లు డెడ్ స్టోరేజీకి దగ్గరపడ్డాయి. పేటల్లో ట్యాంకరు కోసం ప్లాస్టిక్ బిందెలు వరసలో పెట్టుకుని తెల్లవారుజాము నుంచి ఆడవాళ్లు కూర్చున్నారు. ఆ రోజు మీ కేంద్రానికీ ఆ వీధికీ మధ్య నీళ్లు పంచాల్సి వస్తే ముందు ఎవరి కుళాయి కట్టేస్తారు? ఆ సంగతి మీరు ప్రభుత్వంతో చేసుకునే ఒప్పందంలో రాసి ఉందా? ఉంటే ఏ పేజీలో ఉంది?

జవాబు కోసం ఎదురుచూస్తూ.